అష్టమి నాటి గుట్ట

మా అత్త పోయింది. బడిలో ఎనిమిదో తరగతికి పాఠం చెప్తా ఉంటే బల్లమీద ఫోను ఆగకుండా మోగింది. పాఠం మధ్యలో ఫోను ఎత్తే అలవాటు నాకు లేదు. మా ఆయన ఊరికే ఫోను చేసే మనిషీ కాదు. అందుకే పేరు చూడగానే సుద్దముక్క పక్కన పెట్టి ఎత్తినాను. "అమ్మ పోయిందే," అన్నాడు. పొద్దున నేను బయల్దేరేటప్పుడు కూడా నన్ను కసిరింది, చెప్పులు దోవకడ్డంగా విడిచినానని. ఆ తర్వాత టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకునిందంట. గుండె చాన్నాళ్ళుగా బాగాలేదు, నిజమే. అయినా అంతగా కసిరే మనిషి అంత నిమ్మళంగా పోతుందని ఎవరనుకుంటారు?

ఏడుపు బాగానే వచ్చింది. కానీ నేను ఇది రాయడానికి కూర్చున్నది ఏడుపు చెప్పుకోడానికి కాదు. మా అత్త ఒకసారి వీధి వీధినంతా ఎదిరించి గెలిచింది. పరామర్శకు వచ్చినోళ్ళంతా ఆ సంగతే తవ్వుకున్నారు, తవ్వుకుని నవ్వినారు. చావింట్లో నవ్వేదేంది అని ఒక్కరు కూడా అనలేదు. చంద్రుడి మీద ఒంటరిగా నిలబడుకున్న ఒక గుట్ట సంగతి అది. మీకూ చెప్తాను.

మాది బళ్ళారి, ఊరి అంచున, జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్లుండే పక్క. మా వీధి మగవాళ్ళలో సగం మందికి సాయంత్రానికి చేతులు నీలంగా ఉంటాయి. ఆడవాళ్ళు ఇళ్ళకాడే దారాలు కత్తిరిస్తారు. కుట్టిన ప్యాంట్లు మూటలుగా వస్తాయి, అతుకుల దగ్గర వేలాడే దారప్పోగులన్నీ చిన్న కత్తెరతో తీసేసి మడతపెట్టి పంపాలి. మధ్యాహ్నం అన్నాలైనాక మా వాకిట్లో నీడ పడతాది, అందరూ ఆడికి చేరతారు. కత్తెరల చప్పుడు ఒకపక్క, నోళ్ళ చప్పుడు ఒకపక్క. తెలుగులో మొదలైన తిట్టు కన్నడంలో ముగిసేది. మా అత్త నడిమధ్యన కూర్చునేది. లేచి దులుపుకుంటే చీర మీదినుంచి నీలం పోగులు పిడికెడు రాలేవి.

మూటలు పంచేది ఆమే. లావు దారాల మూట అందరికీ కష్టం, సన్న దారాల మూట అందరికీ ఇష్టం. రోజూ కొట్లాటే. మా అత్త చూసి, "ఇది నీకు, ఇది నీకు, నేను చెప్తాండా," అనేది. అంతే, గొడవ ముగిసేది. "నేను చెప్తాండా" అనే ఆ మాట మా వీధిలో తాసీల్దారు సంతకం కంటే ఎక్కువ. ఊరికే రాలేదు ఆ పేరు. మా ఆయన చిన్నప్పుడు క్రికెట్ ఆడి ఎదురింటి కిటికీ అద్దం పగలగొట్టినాడంట. పిల్లోళ్ళంతా మేము కాదంటే మేము కాదని పరిగెత్తినారు. ఎవరూ అడగకముందే మా అత్త కొడుకు చెవి పట్టుకుని తీసుకుపోయి, "నా కొడుకే కొట్టినాడు, నేను చూసినా," అని నిలబెట్టింది. ఆ మంట మా ఆయనకు ఇప్పటికీ ఉండాది. "వేరేవాళ్ళ అమ్మలు దాచిపెట్టుకుంటారు, నాకు దొరికింది పోలీసు," అంటాడు.

నేను అనంతపురం పక్కనుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చినాను. సైన్సు టీచరు ఉద్యోగం. వచ్చిన కొత్తలో మా అత్తకూ నాకూ ఏమంత పొత్తు కుదరలేదు. నేను కూర్చుని చదువుకుంటే ఆమెకు చేతులు ఊరికే ఉన్నట్టు కనపడేది. ఆమె నా వంకాయ కూరను చూసి, "ఉడికినాదా, భయపడినాదా?" అని అడిగేది. అయినా బయటి మనిషి నన్ను ఒక మాటంటే మాత్రం ఊరుకునేది కాదు. ఇంట్లో తిట్టే హక్కు ఆమెది, బయటివాళ్ళకు ఆ హక్కు లేదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం నేను బడికోసం చంద్రుడి పటం గీస్తా వాకిట్లోనే కూర్చున్నాను. మా అత్త తొంగి చూసి, "ఏంది మే అది, జొన్నరొట్టె మాడినట్టుండాది?" అనింది.

"చంద్రుడత్తా."

"ఆ నల్లటియ్యేంది?"

"మైదానాలు. ఎప్పుడో రాయి కరిగి పారి గట్టిపడినాయి. ఇదో, ఈ మైదానంలో ఈడొక గుట్ట ఉండాది. చుట్టుపక్కల ఏమీ లేదు. అదొక్కటే నిలబడుకునుండాది."

మా అత్త కత్తెర ఆగింది. ఆమె పుట్టిల్లు కప్పగల్లు. బళ్ళారి చుట్టుపక్కల నేలంతా చాప పరిచినట్టుంటాది, మధ్యమధ్యలో రాతిగుట్టలు లేస్తాయి. కప్పగల్లు గుట్ట కిందనే ఆమె పుట్టింది, పెరిగింది, కూలికి పోయింది. "మా గుట్ట మాదిరా? ఒంటిగానా?" అని అడిగింది. పేరేంది అనింది. పీటన్ అని చెప్పినాను. "పీటంటే కాళ్ళుండల్ల కదా," అని అందరూ నవ్వినారు. ఆ పేరు అక్కడే చచ్చింది. ఆ రోజు నుంచి అది మా వీధిలో ఒంటిగుట్ట.

అప్పుడు నోరు తెరిచింది మా పెద్దత్త. మా అత్తకు తోడికోడలు, మా మామ అన్న భార్య. పక్కిల్లే. నోటికి ఎవరూ ఆగరు. "చంద్రుడిలో గుట్టలంట! ఇంక నయం, గుట్ట కింద గొర్రెలు మేస్తాండాయని చెప్పలేదు. అమ్మా టీచరమ్మా, బడిలో పిల్లోళ్ళకు చెప్పే కతలు మాకు చెప్పబాకు తల్లీ. నిన్నగాక మొన్నొచ్చి మాకు చంద్రుణ్ణి చూపిస్తాంది!" అనింది. అందరూ మళ్ళీ నవ్వినారు. ఈసారి నా మీద. నా మొహం ఎర్రబడింది.

మా అత్త కత్తెర కింద పెట్టింది. "నా కోడలు చెప్పిందంటే ఉండాది. నేను చెప్తాండా," అనింది.

అందరూ తలలెత్తి ఆమెవైపు చూసినారు. ఎందుకంటే ఆమె ఎప్పుడూ చూసినదానికే ఆ మాట వాడేది. చూడనిదానికి వాడింది అదే మొదటిసారి. వాడింది నాకోసం. నా తరపున అంత గట్టిగా మాట్లాడిన మనిషి అంతవరకు ఎవరూ లేరు, మా అమ్మతో సహా. నేను పటం మీదికి వంగినాను.

"నువ్వు చూసినావా?" అనింది పెద్దత్త.

"చూస్తా. నీకూ చూపిస్తా."

బడికి సర్కారు ఇచ్చిన టెలిస్కోపు ఒకటుండాది, బాగా పనిచేస్తాది. నేను ఆ గుట్టను దాంట్లో పిల్లలకు చూపించినదాన్నే. కాబట్టి నాకు భయం లేదు. కానీ మా అత్త నన్ను ఒక్క మాట అడగకుండా ముహూర్తం పెట్టేసింది. శీగి హుణ్ణిమె నాడు. చేలో పైరుకు సీమంతం చేసే పున్నమి అది. ఆడవాళ్ళంతా పొద్దున్నే గంపల్లో వంటకాలు పెట్టుకుని పొలాలకు పోతారు, పైరుకు పూజ చేసి ఆడనే తిని సాయంత్రానికి వస్తారు. అందరూ ఒకచోట దొరికే రోజు, పైగా నిండు చంద్రుడు. వీధంతా చెప్పొచ్చినాక నాకు చెప్పింది.

నేను తల పట్టుకున్నాను. "అత్తా, పున్నమి నాడు ఏమీ కనపడదు. నీడలుండవు ఆ రోజు."

"సగం చంద్రుడిలో కనపడేది నిండు చంద్రుడిలో కనపడదా? పుస్తకం తిన్నగా చదివినావా, తలకిందులుగా చదివినావా?"

"నా మాట వినత్తా."

"సుమ్నిరు మే, ఊరుకో! పిలిచినాక వద్దంటే నా మొగమేం కావల్ల?"

పున్నమి సాయంత్రం మా మిద్దె మీద కాలు పెట్టడానికి చోటు లేదు. మిగిలిన హోళిగలు, పుంటికూర పుల్లగూర తెచ్చుకున్నారు. తిరునాల మాదిరి ఉంది. ఒక్కొక్కరూ కన్ను పెట్టినారు, ఒక్కొక్కరూ కళ్ళు నలుపుకుంటా దిగినారు. పున్నమి చంద్రుడు టెలిస్కోపులో సున్నం కొట్టిన గోడ. ఎదురుగా ఎండ పడితే గుట్ట ఏంది, గుంత ఏంది, అన్నీ ఒకటే తెలుపు. "ఆ తెల్లటి చుక్కుండాది చూడు, అదే," అని నేను చూపించినా ఎవరికీ గుట్టనిపించలేదు. పెద్దత్త చూసి, "ముగ్గుపిండిలో ఉప్పురాయి ఎతికినట్టుండాది. ఏం చెల్లీ, ఇదేనా నువ్వు చెప్తాండేది?" అనింది.

మా అత్త కూడా చూసింది. చూసినట్టు చెప్పుంటే సరిపోయేది, ఎవరు కాదంటారు? "నాకూ కనపళ్ళేదు," అనింది. మెట్లు దిగిపోయింది.

మర్నాటినుంచి వాకిట్లో చూడాల. ఆమె మూట పంచి "నేను చెప్తాండా" అంటే చాలు, ఎవరో ఒకరు వెనకనుంచి, "ఇదీ చంద్రుడి గుట్టేనా అక్కా?" అనేవాళ్ళు. నవ్వులు. మొదట్లో తమాషాకే. రానురాను తమాషా పోయి మాట మిగిలింది. ఒకామె ఆమె ఇచ్చిన మూట తీసుకోనని వెనక్కి తోసింది. కొళాయికాడ వంతు తప్పింది ఎవరు అని పంచాయితీ వస్తే, అంతవరకు మా అత్తను పిలిచేవాళ్ళు వేరేవాళ్ళను పిలిచినారు. మా అత్త అన్నం సగం తిని లేచేది. కసరడం మానేసింది. నాకు అదే ఎక్కువ భయమేసింది, ఎందుకంటే కసరని మా అత్త మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ మనిషికి ఆస్తి లేదు, నగ లేదు, ఉన్నది ఒక్క మాట. అది నాకోసం ఖర్చయిపోయింది.

దీపావళికి ముందు కప్పగల్లులో ఆమె తమ్ముడింటికి పోయినాము. మిట్టమధ్యాహ్నం బస్సు దిగినాము. ఎండ నెత్తిమీద. ఎదురుగా గుట్ట. మా అత్త దోవ మధ్యలో నిలబడిపోయింది, నేను ఎండకు కళ్ళు తిరిగినాయేమో అనుకున్నాను.

"గుట్ట చూడు మే, ఎట్లుండాదో," అనింది.

ఏముంది, ఎండలో వెలవెలబోయి అట్ట కత్తిరించి నిలబెట్టినట్టుంది. బండ ఏదో, సందు ఏదో తెలియడం లేదు.

"కూలికి పోయేటప్పుడు మాకు గడియారం ఇదే. దీని నీడ బావికాడికొస్తే కొంగు దులుపుకుని ఇంటికి. పొద్దు వాలేకొద్దీ ఒక్కొక్క బండా లేసొస్తాది, ఒక్కొక్క సందూ కనపడతాది. మధ్యాన్నం మాత్రం ఇది గుట్టే కాదు, గోడ." అని ఆగి, నెత్తిమీద గట్టిగా కొట్టుకుంది. "తూ నా బుద్ధి! పున్నమంటే చంద్రుడికి మిట్టమధ్యాన్నం కదా?"

"అదే కదత్తా నేను మొత్తుకునింది!"

"నువ్వు మొత్తుకుంటే నాకెట్ల తెలుస్తాది, గుట్ట చెప్పల్ల గానీ." దోవ పక్కన బండమీద కూర్చుంది. చాన్నాళ్ళ తర్వాత ఆ మొహంలో పాత వెలుగు. "సరే, ఆ గుట్టకు పొద్దు పుట్టేదెప్పుడు? నీడ పొడుగ్గా పడేదెప్పుడు?"

"శుద్ధ అష్టమి నాడు."

మా అత్త నన్ను చూసింది. నేను కావాలని అంటున్నానేమో అన్నట్టు చూసింది. "అష్టమా?"

అష్టమి అంటే మా అత్తకు ఎంత పట్టింపో మీకు చెప్పాలి. అష్టమి నవమిల్లో కొత్త మూట విప్పేది కాదు, కొత్త చీపురు వాడేది కాదు. నేను ఉద్యోగంలో చేరాల్సిన రోజు అష్టమి అని తెలిసి, కడుపునొప్పి అని చెప్పి దశమికి చేరమని నాతో పోట్లాడింది. నేను చేరితే రెండు వారాలు మాట్లాడలేదు. అట్లాంటి మనిషి వీధి ముందు తన మాట నిలబెట్టుకోవాలంటే అష్టమి తప్ప వేరే దోవ లేదు. చంద్రుడు ఎవరి పంచాంగమూ అడగడు కదా. ఆ సాయంత్రమంతా ఆమె తమ్ముడింట్లో గుట్టనే చూస్తా కూర్చుంది. బస్సెక్కినాక అనింది, "ఆ గుట్టను మనం ఈ పొద్దు కట్టేది లేదు కదా. ఎప్పుడో లేసి నిలబడుకునుండాది. ఉన్నదాన్ని చూసేదానికి ముహూర్తమేంది?"

ఈ మాటే వాకిట్లో చెప్పింది. వాకిలి ఒప్పుకోలేదు. "అష్టమి నాడు మేము రాము, బేడవ్వా, వద్దు," అన్నారు. ఒకరికి ఇంట్లో పెళ్ళి మాటలు, ఒకరికి కోడలు నీళ్ళోసుకునింది, ఒకరికి అష్టమి అని చెప్పడమే సాకు. పెద్దత్త ఇంకో మాట కలిపింది. "అష్టమి చంద్రుణ్ణి గొట్టంలో చూస్తే కన్ను పోతాది. నీకు ఆపరేషనైన కన్ను, చూసుకో."

"నా కన్నే ముందు పెడతా అక్కా. పోతే నాదే పోతాది. నువ్వు మాత్రం రావల్ల. ఎవరు రాకపోయినా నువ్వు రావల్ల," అనింది మా అత్త.

"నేనెందుకు రాను? ఓడిపోయేది చూడద్దా?"

అష్టమి నాడు పొద్దున్నే మా అత్త తలంటుకుంది. ఏదో పరీక్షకు పోయే పిల్ల మాదిరి ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. సాయంత్రం ఇంకా వెలుతురుండగానే టెలిస్కోపు పెట్టినాను. సగం చంద్రుడు అప్పటికే నెత్తిమీదికి వచ్చినాడు. రానన్నోళ్ళంతా వచ్చినారు. చూడ్డానికి కాదంట, ఊరికే గాలికి. మిద్దె గోడ పొడుగునా ఆనుకుని నిలబడినారు, టెలిస్కోపుకు దూరంగా, అది కరుస్తుందేమో అన్నట్టు. మా ఆయన డ్యూటీ దిగి బూట్లు కూడా విప్పకుండా వచ్చి మెట్లకాడ నిలబడినాడు. పెద్దత్త కుర్చీ తెప్పించుకుని కూర్చుంది.

నేను ముందు చూసినాను. ఉంది. వెలుగూ చీకటీ కలిసే గీత పక్కనే, ఆ మైదానంలో, ఉంది. నా పని అయింది. నేను పక్కకు జరిగినాను.

మా అత్త కన్ను పెట్టింది. చాలాసేపు చూసింది.

"కనపడిందా?" అనింది పెద్దత్త.

"లేదు."

గోడకాడ ఎవరో కిసుక్కుమన్నారు. చంద్రుడు కదులుతా ఉంటాడు, ఆగకుండా టెలిస్కోపు జరుపుకోవాల. మళ్ళీ తిప్పి పెట్టినాను. మళ్ళీ చూసింది. కంట్లోంచి నీళ్ళు కారుతా ఉన్నాయి. "నీళ్ళల్లో చూసినట్టుండాది. లేదు, కనపళ్ళేదు," అనింది. ఆమె చెవి దగ్గర వంగి, "అత్తా, ఉండాది, నేను చూసినా, ఉండాదని చెప్పేయ్," అన్నాను. నన్ను అంత కోపంగా ఆమె ఎప్పుడూ చూడలేదు. "చూడకుండా చెప్పే కదా మే ఇంత దూరం తెచ్చుకునింది," అనింది.

పెద్దత్త కుర్చీలోంచి లేవబోయింది. "పోదాం పాండి, మంచు పడతాంది."

"ఉండక్కా," అనింది మా అత్త. కొంగుతో కన్ను తుడుచుకుంది. ఇంతసేపూ ఆపరేషనైన కన్ను మూసుకుని, మంచిదనుకున్న రెండో కంటితో చూసింది. మంచిదనుకున్నదానికే పొర వచ్చిందని మాకు తర్వాత డాక్టరు చెప్పినాడు. పోతే ఇదే పోతాదని అందరూ భయపెట్టిన కన్నును తీసుకుపోయి గొట్టానికి పెట్టింది.

కదల్లేదు. ఆమె వీపు చూస్తా నిలబడినాను నేను. ఆ వీపు మెల్లగా నిటారైంది. టెలిస్కోపుకాడినుంచి లేసి, మొహంలో ఏమీ చూపించకుండా పెద్దత్త వైపు తిరిగింది.

"అక్కా, నువ్వు రా."

"నీకు కనపడిందా, లేదా?"

"నేను చెప్పను. ఈసారి నేను చెప్పేది లేదు. నువ్వు చూసి నువ్వే చెప్పు. లేదంటే లేదను. నీ మాటే నాకు ఖాయం."

పెద్దత్త గొణుక్కుంటా వచ్చింది. నోరు పెద్దదే గానీ అబద్ధం చెప్పే మనిషి కాదు, అది మా అత్తకు తెలుసు. కన్ను పెట్టింది. "అంతా గుంతలు గుంతలుగా ఉండాది," అనింది. "దోసె కాల్చినట్టు." గోడకాడ నవ్వులు. "ఈపక్క బయలు. నున్నగా ఉండాది బయలు…" ఆగింది. నవ్వులూ ఆగినాయి. "ఏందిది… ఓయమ్మా! ఒగటి నిలబడుకునుండాది! తెల్లగా, ఒగటే! చుట్టూ ఏమీ లేదు. దాని నీడ చూడండే, సూది మాదిరి, ఎంత పొడుగు పడిండాదో! గుట్టే! గుట్టే మే ఇది!"

ఆ తర్వాత అష్టమి లేదు, నవమి లేదు. గోడకాడున్న జనమంతా టెలిస్కోపు మీద పడినారు. నీళ్ళోసుకున్న కోడలు అందరికంటే ముందుకొచ్చింది. చూసినోళ్ళు మళ్ళీ వరస వెనక్కి పోయి నిలబడినారు. "నేను చూసినా, నేను చూసినా" అని అరుపులు. కింద యూనిట్లనుంచి వచ్చే మగవాళ్ళు ఏదో గలాటా అనుకుని మిద్దెక్కినారు, నీలం చేతులు వెనక్కి కట్టుకుని గొట్టం ముట్టుకోకుండా చూసినారు. ఒకాయన మా అత్తతో, "ఏమవ్వా, ఆ గుట్ట నీ మాదిరే ఒంటిది కదా," అన్నాడు. మా మామ ఎప్పుడో పోయినాడు, అందుకని. మా అత్త గయ్యిమనింది. "నేనేంటికప్పా ఒంటిదాన్ని? నీ కండ్లకు ఈ మిద్దె మీద ఎవరూ కనపళ్ళేదా?" కసిరింది! మూడు వారాల తర్వాత కసిరింది! నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయినాము. నవ్వుతా నవ్వుతా నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

నవమి పోయి దశమి నాడు వాకిట్లో మూటలు పంచేటప్పుడు పెద్దత్త అందరికంటే ముందు చెయ్యి చాపింది. "లావు దారాలది నాకియ్ చెల్లీ," అనింది. అంతే. అంతకు మించి క్షమాపణ మా ఇళ్ళల్లో ఎవరూ అడగరు.

ఆనాటి నుంచి ప్రతి శుద్ధ అష్టమికీ మా మిద్దె మీద జనమే. టెలిస్కోపుకాడ నిలబడి మా అత్త చేసే అధికారం చూడాల. "గొట్టం పట్టుకోబాకు. ఊపిరి దానిమీద వదలబాకు. చంద్రుడు జరుగుతాండాడు, తొందరగా చూడు, నీ కోసం నిలబడతాడా?" అనేది. ఒకసారి నేను చెప్పినాను, "అత్తా, నిజానికి ఆ గుట్ట సూది మాదిరి ఉండదు. దగ్గరికి పోతే ఏటవాలుగానే ఉంటాది, ఎక్కేయొచ్చు. పొద్దు వాలుగా పడి నీడ పొడుగు కనపడతాది, అంతే." "అట్లనా? మనుషులూ అంతే మే. మీ పెద్దత్తకు నీడే పొడుగు, మనిషి మెత్తన," అనింది. పెద్దత్త పక్కనే ఉంది. ఇద్దరూ పడీపడీ నవ్వినారు.

నాకు మా అత్త ఏం చేసిందో నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుంటే, "ఆ, చాలులే, పోయి కుక్కరు చూడు," అనేది. ఇప్పుడు చెప్తాను. నేను నమ్మమని అడగకముందే నన్ను నమ్మింది. నమ్మినందుకు నగుబాటైంది. అయినా నన్నొక్క మాట అనలేదు, మాట వెనక్కి తీసుకోలేదు, అబద్ధంతో గట్టెక్కమంటే గట్టెక్కలేదు. బడిలో పిల్లలకు సైన్సంటే ఏందో చెప్పేటప్పుడు నేను కొంగుతో కన్ను తుడుచుకుని మళ్ళీ చూసిన మా అత్తను తల్చుకుంటాను.

ఆమె పోయినాక మొదటి శుద్ధ అష్టమి ఆషాఢంలో వచ్చింది. నేను టెలిస్కోపు తేలేదు. మనసు రాలేదు, పైగా పొద్దుటినుంచి మబ్బు. సాయంత్రం దీపం పెడతా ఉంటే పెద్దత్త గడపలో నిలబడింది. "దుర్బీను యాడ?" అనింది. తేలేదని చెప్పినాను. "లేకపోతే పోనీ," అని గోడ పట్టుకుని, మోకాళ్ళు నొప్పులని మూలుగుతా మిద్దెక్కింది. ఆమె వెనక ఒక్కొక్కరూ వచ్చినారు. రావద్దని ఎట్ల చెప్పేది, నేనూ ఎక్కినాను.

పైన ఏముంది, ఒట్టి మబ్బు. చంద్రుడు యాడుండాడో కూడా తెలియలేదు. వీధిలోకి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకటి వచ్చింది, ఇంకా ఎవరితోనూ చనువు లేదు. ఆకాశం చూసి, మమ్మల్ని చూసి, మెల్లగా అడిగింది, "అవ్వా, ఆడ నిజంగా గుట్టుండాదా?"

నేను చెప్పబోయినాను. పెద్దత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండాది," అనింది. "మా చెల్లెలు చెప్పింది."

ఆ పిల్ల చాప మీద కాస్త చోటు చేసుకుని కూర్చుంది. చినుకులు మొదలైనాయి. అందరూ కొంగులు నెత్తిన కప్పుకుని, ఆ నల్లటి మబ్బుకేసి మొహాలెత్తి కూర్చున్నారు, ఎవరూ కిందికి దిగలేదు.